ఇంచుమించు

మన సంభాషణములలో “ఇంచుమించు” అను మాటకుఁ గల గౌరవము మఱి యే మాటకును లేదు. చెప్పిన వేళకు రాకున్నను ఇంచుమించే. తూకము తగ్గినను ఇంచుమించే. నేనును ఆ మాటను చిరకాలము నమ్మినవాఁడనే. ఆ నమ్మకమును చెఱిచినది గోరంత స్ఫటికము.

గడచిన సంవత్సరము మా పాఠశాలలోఁ బదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె వర్షమును గొలుచు చిన్న యంత్రమును నిర్మింపఁబూనెను. దానికి మెదడు 8051 జాతి మైక్రోకంట్రోలరు. ఇంటెలు సంస్థ దీనిని 1980లో వెలువరించెను. దాని నడకకు వేగమును నిర్ణయించునది క్వార్ట్జు స్ఫటికము. ఆమె చీటిలో 11.0592 మెగాహెర్ట్జులు, అనఁగా సెకనునకు 1,10,59,200 కంపనములని వ్రాసియిచ్చెను. అంగడివాఁడు “అది లేదండీ, 12 తీసుకోండి, ఇంచుమించు అదే” యనెను. తీసికొంటిని. ఆమెకుఁ జెప్పనైతిని.

యంత్రము నడిచెను, దీపము వెలిగి యాఱుచుండెను. కాని కంప్యూటరునకుఁ బంపిన యక్షరములు మాత్రము పిచ్చిగీఁతలై చేరెను. “ముందు ప్రోగ్రాము వ్రాయుట నేర్చుకొని తరువాత యంత్రములు కట్టవమ్మా” యని తరగతి యందఱి యెదుట మందలించితిని. ఆమె తలవంచుకొనెను గాని బదులాడలేదు.

మఱునాఁ డొక కాగితముతో వచ్చి, “మాస్టారూ, దీని మీద 12 అని ఉందండీ” అని మాత్రమే యనెను.

కాగితముపై లెక్క యిట్లుండెను. ఈ మైక్రోకంట్రోలరు స్ఫటికపు వేగమును 12 చేతను, 32 చేతను భాగించి, వచ్చినదానిని మనము కోరిన పూర్ణసంఖ్యచే మరల భాగించును. 11.0592 అయినచో మొదట 28,800 వచ్చును. 3 చే భాగించిన సెకనునకు సరిగా 9,600 బిట్లు. ఆ వింత సంఖ్యకుఁ గల ప్రయోజన మిదియే. 12 అయినచో 31,250. 3 చే భాగించిన 10,417. నూటికి ఎనిమిదిన్నర యెక్కువ. ఒక యక్షరమునకు మొదటి, తుది గుర్తులతోఁ గూడ 10 బిట్లు. అందుకొను యంత్రము అక్షరారంభమున మాత్రమే కాలమును సరిచూచుకొనును. తుది బిట్టు నాఁటికి భేదము ముప్పాతిక బిట్టును దాటును. అక్షరము చెడక యేమగును?

సరియైన స్ఫటికమును వెదకి తెత్తునంటిని. “అక్కఱలేదండీ, వానకు తొందర లేదుగా” యని యామె రెండవ లెక్కను జూపెను. 32కు మాఱుగా 16 చే భాగించు సదుపాయ మా చిప్పునందే కలదు. అప్పుడు 62,500, దానిని 13 చే భాగించిన 4,808. కంప్యూటరునుగూడ 4,800 వేగమునకు మార్చినచో భేదము నూటికి 0.16 మాత్రమే. అట్లే చేసితిమి, అక్షరములు స్పష్టముగా వచ్చెను.

యజ్ఞమున సోమలత దొరకనిచోఁ బూతీకమును ప్రతినిధిగాఁ గొనవచ్చునని మన శాస్త్రములే యంగీకరించినవి. కావునఁ బ్రతినిధిని గ్రహించుట దోషము గాదు. విచారింపక గ్రహించుటయు, గ్రహించి దాఁచుటయు దోషము. నే నా రెండును జేసి, మూఁడవదిగా నిందను పసిపిల్లపై మోపితిని.

మందలించిన తరగతిలోనే తప్పు నాదని చెప్పితిని. పెద్దవాఁడు పిల్లల యెదుట నట్లనుట తగునా యని మిత్రుఁ డొకఁ డడిగెను. అందఱి యెదుట నిందించుట తగినప్పుడు అందఱి యెదుట నొప్పుకొనుట యేల తగదు? మన యిండ్లలోఁగూడఁ గోడలి వంట చెడినదనుటకు ముందు, సరకు మార్చి తెచ్చినవా రెవరో యొకసారి విచారించుట మేలు.