వన్ టౌనున మా పాత కారు

విశాఖపట్టణమునకు వచ్చిన చుట్టములను సముద్రతీరమునకును, సింహాచలమునకును గొనిపోవుట అందరును చేయునదే. వన్ టౌనునకు మాత్రము పనిలేనిదే యెవ్వరును పోరు. నేనును మొన్న పనిమీదనే పోయితిని. మా పాత అంబాసిడరు కారునకు చమురు మార్పించి, రేడియేటరు కడిగింపవలసి వచ్చినది.

ఈ కారును మా మామగారు 1989లో కొనిరి. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలో ఈ కార్లను తయారుచేయుట 2014లోనే మానివేసిరి. గడచిన నెల సింహాచలము కొండదారిలో మా కారు పొగలు గ్రక్కి నిలిచిపోయినది. మా చిన్నవాడు తొందరపడి రేడియేటరు మూత విప్పబోగా చేయిపట్టి వెనుకకు లాగితిని. ప్రెషరు కుక్కరు మూతను ఆవిరి పోకమున్నే తీసినచో నేమగునో మనకు తెలియనిదా! ఆ రాత్రి మావారు, "ఇక అమ్మివేయుదము" అనిరి. అత్తగారేమియు ననలేదు గాని విస్తరిలోని యన్నము సగము విడిచి లేచిరి. "ఒక్కమారు మేస్త్రీకి చూపి, పిమ్మట నిర్ణయింతము" అని నేనంటిని.

జగదాంబ కూడలినుండి పాతపోస్టాఫీసువైపు దిగినకొలదిని వీధులు సన్నమగును. బురుజుపేటలో శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి కోవెల కలదు. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండయు వానయు ఆమెపైననే. వచ్చిన స్త్రీ యెవరైనను తన చేతులతోడనే పసుపుకుంకుమలు సమర్పింపవచ్చును. మార్గశిర గురువారములలో ఈ సందులందు కాలుపెట్ట చోటుండదు. ఇంకను ముందునకు పోయిన, రేవు ముఖమునకెదురుగా మూడు కొండలు కానవచ్చును. ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. ఈ రేవును 1933వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన లార్డు విల్లింగ్డను ప్రారంభించెను. ఇసుక కొట్టుకొనివచ్చి కాలువ పూడిపోకుండ జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను సముద్రమున ముంచి అడ్డుకట్టగా చేసిరి. పాతవస్తువుల యుపయోగమును గూర్చి ఈ మాట మావారికి దారిలో చెప్పగా నవ్వి యూరకుండిరి.

మేస్త్రీ వృద్ధుడు. సందుచివర రేకులషెడ్డులో ఆయన పని. "చమురు తెల్లగా, పాలు కలిసినట్టుంటే ఇంజన్లోకి నీళ్లు దిగినట్టేనమ్మా. అప్పుడు పెద్ద ఖర్చు" అని చెప్పి డిప్ స్టిక్కు పైకి లాగెను. నా గుండె కొట్టుకొనినది. చమురు కాటుకవలె నల్లగానున్నది. తెలుపు జాడ లేదు. మావారును ఊపిరి విడిచిరి.

ఇంజను కొంతసేపు నడపి గోరువెచ్చగా నున్నప్పుడే చమురు దింపవలెనట. వేడికి పలుచనై మురికిని వెంటగొని వచ్చును. గారెలు పదిమారులు వేచిన నూనె యెట్లుండునో, అట్లే జిడ్డుగా నడుగునుండి జారినది. వడపోతగొట్టమును క్రొత్తది బిగించి, సుమారు నాలుగు లీటర్ల క్రొత్తచమురు పోసెను.

రేడియేటరు పని అట్లు కాదు. అది పూర్తిగా చల్లారువరకు రెండుగంటలు కూర్చుంటిమి. పిమ్మట అడుగుననున్న కుళాయి త్రిప్పగా ఇటుకపొడి కలిపినట్టి ఎర్రనినీరు! రెండేండ్ల క్రిందట ఒక దుకాణమువారు కూలెంటు పోసితిమని రూకలు పుచ్చుకొని ఉత్త కుళాయినీరు పోసిరి కాబోలు. ఆ నీటి సున్నము లోన పేరుకొనును, ఇనుము తుప్పుపట్టును. కూలెంటు చలిదేశములకే యని కొందరనుకొందురు గాని, అది తుప్పును ఆపుటయే గాక నీరు త్వరగా మరగకుండను చేయును. తేటనీరు వచ్చువరకు మూడుమారులు కడిగి, కూలెంటును బ్యాటరీ దుకాణములలో దొరకు డిస్టిల్డు వాటరును సమపాళ్లుగా కలిపి పోసెను. మూత తీసియుంచి ఇంజను నడపగా గాలిబుడగలు పైకి వచ్చినవి. తగ్గినంత మరల నింపెను.

ఇంతలో పనికుర్రవాడు మురికిచమురు గిన్నెను కాలువవైపు ఎత్తుకొనిపోవుచుండెను. నేను లేచి యడ్డుపడితిని. ఆ కాలువ పోవునది సముద్రమునకే. అందలి చేపలమీదనే ఎన్నియో జాలరికుటుంబములు బ్రతుకుచున్నవి. మేస్త్రీయు వానిని కసరి, శుద్ధిచేయువారు కొనిపోవు పీపాలో పోయించెను. కూలెంటు నీటిని గూర్చియు హెచ్చరించెను: అది తియ్యగానుండును గాని విషము. వీధిలో పారబోసినచో పసిపిల్లలకును, కుక్కలకును, ఆవులకును ప్రాణాపాయము. తల్లులైనవారు ఆ డబ్బాను పిల్లల కందనిచోట నుంచవలెను.

మరునాడు అందరమును సింహాచలము పోయితిమి. ముందుసీటున కూర్చుండిన అత్తగారు దారిపొడవునను వేడి తెలుపు సూదినే చూచుచుండిరి. అది నడుమ గీత దాటలేదు. ఇంటికి రాగానే, "మేస్త్రీ మళ్లీ ఎప్పుడు మార్చమన్నాడే అమ్మాయీ?" అని యడిగిరి. చమురు ఆరుమాసములకు, కూలెంటు రెండేండ్లకు అంటిని. పెన్సిలు తెప్పించి, గోడనున్న పంచాంగపు క్యాలెండరులో ఆ ఆరవమాసముపుట తీయించి, అత్తగారు తామే గుర్తు పెట్టిరి.