చిత్రాంగి పక్షాన

మా బాన్సువాడ చుట్టుపక్కల సారంగధర ఆటకు రెండు దారులున్నాయి. ఒకటి చిందోళ్ల భాగోతం, ఇంకొకటి పద్యనాటకం. చిందు ఈ నేల మీదిదే. పద్యనాటకం మాత్రం నిజాంసాగర్ కాలువల వెంట వచ్చింది. మంజీర మీద 1923లో మొదలైన ఆనకట్ట 1931లో పూర్తయ్యాక కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వర్ని, కోటగిరి, బాన్సువాడ వైపు వచ్చి భూములు కొన్నారు, క్యాంపులు కట్టుకున్నారు. వరిసాగుతో పాటు హార్మోనియం పెట్టెనూ తెచ్చుకున్నారు. క్యాంపుల్లో పద్యం తారస్థాయికి లేచిందంటే "వన్స్ మోర్" కేకలు పడేవి. ఊళ్లలో ఇదే కథ చిందోళ్లు ఆడితే దరువుకు గజ్జె కలిసిందా లేదా అని ముసలోళ్లు చెవి ఒగ్గేవాళ్లు. రెండు చోట్లా రాజు ఒకడే, పావురం ఒకటే. జనం ఏడ్చే ఘట్టం మాత్రం ఒకటి కాదు. క్యాంపులో కొడుకు కాళ్లూ చేతులూ నరికించమన్నప్పుడు ఏడ్చేవాళ్లు. చిందాటలో ఆడవాళ్లు అంతకన్నా ముందే, చిత్రాంగి పెళ్లి దగ్గరే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

నాకు ఆ ఆడవాళ్ల లెక్కే సరైందనిపిస్తుంది.

కథ తెలియనివాళ్లు తక్కువ. అయినా పెళ్లి సంగతి ఒకసారి చెప్పుకోవాలి. ప్రచారంలో ఉన్న కథలో చిత్రాంగికి చూపించింది సారంగధరుడి చిత్తరువు. అందగాడు, ఈడైనవాడు. ఆమె సరే అంది. తీరా పెళ్లి నాటికి పెళ్లికొడుకు రాలేదు, అతని పేర కత్తి వచ్చింది. కత్తికి బాసికం కట్టి తాళి కట్టించారు. అంతఃపురంలో కాలు పెట్టాక తెలిసింది, ఆ కత్తి చిత్తరువులోని కుర్రవాడిది కాదు, వాడి తండ్రి రాజరాజనరేంద్రుడిదని. తర్వాత ఒకనాడు రాజు వేటకు పోయాడు. సారంగధరుడు ఎగరేసిన పావురం చిత్రాంగి మేడ మీద వాలింది. దాన్ని తెచ్చుకోవడానికి అతను ఒక్కడే లోపలికి వెళ్లాడు. తాను మనసిచ్చిన బొమ్మ ప్రాణంతో గుమ్మంలో నిలబడితే ఆమె ఏం చేస్తుంది? అడిగింది. తల్లివి అన్నాడు. అడిగిన నోటితోనే, రాజు తిరిగొచ్చాక నింద వేసింది. రాజు విచారించకుండానే శిక్ష వేశాడు.

ఇది ఇక్కడి కథ మాత్రమే కాదు. గ్రీకుల యూరిపిడీస్ క్రీస్తుపూర్వం 428లో హిప్పోలిటస్ అన్న నాటకంలో సవతి కొడుకును కోరిన ఫీడ్రాను రంగం మీద నిలబెట్టాడు. 1677లో ఫ్రాన్సులో రసీన్ అదే కథను మళ్లీ రాసి నాటకానికి ఫీడ్రా పేరే పెట్టాడు. మన అశోకుడి ఇంట్లోనూ తిష్యరక్షిత, కునాలుడు ఉన్నారు. అయితే ఫీడ్రాకు ఎవరూ కొడుకు బొమ్మ చూపించి తండ్రికి కట్టబెట్టలేదు. ఆ మోసం మన కథలోనే ఉంది. అందుకే చిత్రాంగికి ఆ గ్రీకు రాణికి లేని ఫిర్యాదు ఒకటి ఉంది. ఆట ఎన్నిసార్లు లేచినా ఆ ఫిర్యాదును ఎంతవరకు వినిపించనివ్వాలన్నదే అసలు తగువు.

మొదట్లో ఈ కథ ప్రేమకథే కాదు. పదిహేనో శతాబ్దిలో గౌరన నవనాథచరిత్ర అనే ద్విపద కావ్యంలో దీన్ని సిద్ధుల మహిమ చెప్పడానికి వాడుకున్నాడు. తెగిన కాళ్లూ చేతులూ సిద్ధుడి దయతో మొలిచాయి, రాజకుమారుడు చౌరంగి అనే యోగి అయ్యాడు. అక్కడ చిత్రాంగి అతన్ని యోగంలోకి తోసిన ఒక ఆపద మాత్రమే. పదిహేడో శతాబ్దిలో తంజావూరు రఘునాథనాయకుడి కొలువులోని చేమకూర వెంకటకవి చేతికి వచ్చేసరికి కథ రంగు మారింది. విజయవిలాసం రాసిన చేయి అది, శృంగారం వదులుతుందా? సారంగధర చరిత్రలో చిత్రాంగికి మాటలొచ్చాయి, చమత్కారాలొచ్చాయి.

చరిత్ర అడిగేవాళ్లకు ఒక మాట. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడికి కాళ్లూ చేతులూ తెగిన కొడుకు ఉన్నట్టు శాసనం ఏదీ చెప్పదు. ఆయన కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది, అక్కడే నరికారని చూపిస్తారు. జనానికి ఆ రాజు మీద ఈ నింద వేయాలని ఎందుకనిపించిందో గానీ, వేశాక తొమ్మిది వందల ఏళ్ల దూరం కూడా ఆయన్ను కాపాడలేకపోయింది.

నాటకంగా దీనికి ఊపిరి పోసింది బళ్లారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) అక్కడ వకీలు. ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజాల ఆటలు చూసి, తెలుగులో ఎందుకు ఉండకూడదని సరసవినోదిని సభ పెట్టి తానే రాశాడు, తానే వేషం కట్టాడు. పాత్రల చేత పాటలూ పద్యాలూ రాగంలో పాడించాడు. మొదట నలదమయంతుల చిత్రనళీయం, ఆ తర్వాత విషాద సారంగధర. మంగళాంతం చేయకపోతే ఇంటికి పోనివ్వని ప్రేక్షకుల ముందు దుఃఖంతో తెర దించడం అప్పట్లో చిన్న సాహసం కాదు. సిద్ధుడిని తెచ్చి అతికించే వీలున్నా వద్దనుకున్నాడు. 1891లో సరసవినోదిని సభ మద్రాసు వెళ్లి ఆడింది. ఆ ఆటలు చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడు సుగుణవిలాస సభ పెట్టాడు. అంటే తమిళుల ఆధునిక నాటకానికి నిప్పు అందించినవాళ్లలో మన బళ్లారి వకీలూ ఉన్నాడు. తర్వాత మొదలియార్ కూడా సారంగధర రాశాడు.

విజయనగరంలో చదువుకునే కుర్రవాడు గురజాడ అప్పారావు అంతకు ముందే, 1883లో, ఈ కథను ఇంగ్లీషు కావ్యంగా రాశాడు. కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ దాన్ని తన పత్రికలో వేసుకున్నాడు. అదే గురజాడ తర్వాత కన్యాశుల్కం నాటకంలో మధురవాణి అనే వేశ్యను సృష్టించాడు. సంఘం తప్పుపట్టే స్త్రీకి ఆటలో అందరికన్నా తెలివైన మాటలు ఇవ్వడం ఆయన ఎక్కడ సాధన చేశాడో నేను ఊహించగలను, రుజువు చేయలేను.

చిత్రాంగిని, మధురవాణిని ఇద్దరినీ ఒకే మనిషి ఆడాడు, ఆయన మగవాడు. బాపట్ల స్థానం నరసింహారావు (1902-1971). సత్యభామ, రోషనార, చింతామణి, చిత్రాంగి, అన్నీ ఆయన చీరకట్టులోనే తెలుగువాళ్ల కళ్లలో నిలిచాయి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. బళ్లారి రాఘవ మాత్రం ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టాడు. ఆయన ధర్మవరం వారి మేనల్లుడే. ఇంట్లోనే మొదలైంది చర్చ.

సినిమాలు వచ్చాక నా వాదానికి మంచి సాక్ష్యం దొరికింది. 1936లో తమిళంలో త్యాగరాజ భాగవతార్ నవీన సారంగధరలో ఆడాడు. మరుసటి ఏడు పి.పుల్లయ్య తెలుగులో తీశాడు. ఆ పైన 1957లో వి.ఎస్.రాఘవన్ దర్శకత్వంలో వచ్చిన తెలుగు సారంగధరలో ఎన్టీ రామారావు నాయకుడు, ఘంటసాల సంగీతం. 1958లో అదే దర్శకుడు తమిళంలో తీస్తే నాయకుడు శివాజీ గణేశన్ అయ్యాడు. చిత్రాంగి మాత్రం రెండింట్లోనూ భానుమతే. కొడుకు వేషానికి భాషకొకరు దొరికారు. ఆమె వేషానికి వేరొకరిని వెతకబుద్ధి కాలేదు వాళ్లకు.

మా వైపు సినిమా రాకముందూ, వచ్చాకా చిందోళ్లు ఆడుతూనే ఉన్నారు. సికింద్రాబాదులో అచ్చయిన చవక యక్షగాన పుస్తకాలు సంతల్లో దొరికేవి. చెర్విరాల భాగయ్య కవి రాసిన యక్షగానాలు తెలంగాణ పల్లెల్లో పారాయణ గ్రంథాల్లా తిరిగాయి, వాటిలో సారంగధర ఒకటి. చిందుకు పెద్ద రంగస్థలం అక్కర్లేదు. ఇద్దరు తెర పట్టుకుంటే చాలు. తేలిక కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు, మొఖానికి అర్దళం, కాళ్లకు గజ్జెలు. మద్దెల, తాళాలు, హార్మోనియం. తెర మీదుగా ముందు కిరీటం కొస కనిపిస్తుంది, తర్వాత గజ్జెల చప్పుడు, వేషం బయటపడేసరికి పిల్లలు నిద్ర మరిచిపోతారు. పట్నం నాటకరంగం ఆడవేషం ఎవరు కట్టాలని తగువులాడుతున్న రోజుల్లో చిందోళ్ల ఇంటి ఆడవాళ్లు గజ్జె కట్టి ఆడారు. బోధన్ దగ్గరి అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ పేరు చెబితేనే చాలామందికి చిందు గుర్తుకొస్తుంది. మాదిగ ఇళ్ల మీద మిరాశి హక్కుతో, ఊరూరా ఎడ్లబండ్ల మీద సామాను వేసుకుని తిరిగిన బతుకు అది. దేవతగా ఆడిన మనిషికి తెల్లారి గడప బయట గిన్నెలో అన్నం పెట్టిన ఊళ్లే ఎక్కువ. ఆ మాట చెప్పకుండా చిందు వైభవం రాయడం సిగ్గుచేటు.

2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. అప్పటి నుంచి సభల్లో చిందుకు కుర్చీ వేస్తున్నారు. కుర్చీతో పాటు గడియారమూ పెడుతున్నారు. తెల్లార్లూ ఆడే ఆటకు ముప్పై నిమిషాలో నలభై నిమిషాలో ఇస్తారు. నడుమ మంత్రిగారొస్తే అదీ లేదు. అంత చిన్న సమయంలో ఏం ఆడాలి? పావురం ఘట్టం. అందులో నవ్వుంది, సవాలుంది, పాటుంది, చప్పట్లు వస్తాయి. నరికే ఘట్టం చివర అంటిస్తారు. చిత్తరువూ, కత్తి పెళ్లీ ఎగిరిపోతాయి. కొత్తగా చూసే పిల్లలకు అప్పుడు కనిపించేది ఒక కొవ్వెక్కిన రాణి, ఒక బుద్ధిమంతుడైన కొడుకు. పద్యనాటక పరిషత్తు పోటీల్లోనూ గంట మోగే భయంతో కోత ఇక్కడే పడుతుంది.

కళాకారులను అనడానికి లేదు. వాళ్లకిచ్చిన సమయం అంత. అడగాల్సింది పిలిచేవాళ్లను. కుదించక తప్పదంటే నన్నడిగితే వేటకు పోయే దృశ్యం తీసేయండి, విదూషకుడి హాస్యం సగం చేయండి, చివర సిద్ధుడు రాకపోయినా ఫరవాలేదు, ధర్మవరం వారే రానివ్వలేదు కదా. పెళ్లి మాత్రం ఉంచండి. కత్తికి బాసికం కట్టి, దాని పక్కన పీట మీద ఒక పిల్లను కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు చాలు. ఆ పైన పావురాన్ని ఎగరేసుకోండి.