తొందరేముంది తమ్ముడూ

పాత్ ఆఫ్ ఎగ్జైల్ వీడియో గేమ్ మొదటి భాగం (2013)లో బాగా ముదిరిన హీరోతో ఒక్క బటన్ నొక్కితే గుంపుకి గుంపే మాయం. ఏది చచ్చిందో కూడా తెలీదు. 2024 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చిన రెండో భాగంలో శత్రువు చెయ్యెత్తడం గమనించి, పొర్లి తప్పుకోవాలి. "ఇదేటన్నయ్యా, ఇంత సాగదీత!" అంటాడు గవరపాలెంలో మా తమ్ముడు. నాకదే ఇష్టం. డార్క్ సోల్స్ (2011)లోనూ అంతే, గాయం మానే మందు తాగాలంటే కదలకుండా నిలబడాలి. ఎదురుగా రాక్షసుడు గద ఎత్తుతుంటాడు, మన చేతిలో సీసా ఇంకా దిగదు. గుండె దడదడలాడిపోద్ది! అలాగని వేగం చెడ్డదనను. డార్క్ సోల్స్ దర్శకుడు మియాజాకీయే తీసిన బ్లడ్‌బోర్న్ (2015)లో దెబ్బ తిన్న వెంటనే తిరిగి కొడితే పోయిన ప్రాణం కొంత వెనక్కొస్తుంది. అక్కడ దూకుడుకో లెక్కుంది. కళ్లెదుట జరిగేది చూడనివ్వని వేగంతోనే నా పేచీ.