డ్రిల్లు పీరియడ్‌లో లెక్కల సారు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి.

ఆశ్రమ పాఠశాలలో చదివినోళ్లని ఎవరినైనా డ్రిల్లు పీరియడ్‌లో ఏం చేశారని అడగండి. "లైన్ కట్టినం" అంటరు. పదో తరగతోళ్లయితే "లెక్కల సారొచ్చి స్లిప్ టెస్టు పెట్టిండు" అంటరు. ఆడపిల్లలు ఎక్కువ మంది "వరండాల కూసున్నం" అంటరు. నేనూ అట్లనే పదిదాకా చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న. చెల్లె తొమ్మిదిలో ఉంది. కబడ్డీ బాగా ఆడుతది. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

అసలు డ్రిల్లు అనే మాటే మిలటరీది. ఇంగ్లీషోళ్ల కాలంలో బడిలో వ్యాయామం అంటే ఆర్డరు విని ఒళ్లు కదిలించడమే. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన మద్రాసులో వైఎంసీఏ తరఫున వ్యాయామ విద్య కాలేజీ మొదలుపెట్టిండు. ఆటల సారు కావాలంటే దానికీ ఒక చదువుందని అప్పుడు తెలిసింది. తర్వాత 1965లో సర్కారు నేషనల్ ఫిట్‌నెస్ కోర్ తెచ్చింది. చైనా యుద్ధం అయిపోయి మూడేళ్లే. అప్పుడు దేశానికి కావాల్సింది ఆడే పిల్లలు కాదు, వరుసలో నిలబడే పిల్లలు. మన బళ్లల్లో ఆ వరుస ఇప్పటికీ విడలేదనిపిస్తది నాకు.

2009 విద్యాహక్కు చట్టం వెనకాల ఒక షెడ్యూలు ఉంది, వీలైతే చదవండి. ప్రతి బడికి ఆటస్థలం ఉండాలి, ఆట సామాన్లు ఉండాలి అని రాసి ఉంది. సారు సంగతికొస్తే మాత్రం లెక్క మారుతది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితేనే వ్యాయామ విద్యకు ఇన్‌స్ట్రక్టరు, అదీ పార్ట్‌టైమ్. మన గూడేల్లో వంద మంది పిల్లలున్న బడి ఎక్కడుంది? మైదానం ఊళ్లను చూసి రాసిన అంకె అది. గుట్ట మీది బడికి ఆ అంకె ఎప్పటికీ అందదు.

ఆశ్రమ పాఠశాలలో పిల్లలు ఎక్కువ కాబట్టి మాకు పీఈటీ సారు ఉండె. పాపం ఆయన్ని తప్పుబట్టను. పొద్దున ప్రేయర్ లైను, మధ్యాహ్నం అన్నం లైను, రాత్రి స్టడీ అవర్, ఎవరికన్నా జ్వరమొస్తే పీహెచ్‌సీకి తీసుకపోవుడు, అన్నీ ఆయనే. బీరువాలో రెండు వాలీబాళ్లు ఉండేవి. పోతే జీతంలో కోస్తరని బీరువాకు తాళం. పదో తరగతి ఫలితాలకు హెడ్మాస్టరు జవాబు చెప్పుకోవాలి, పిల్లలు ఎంతసేపు ఆడారో ఎవరూ అడగరు. మరి ఆ పీరియడ్ లెక్కల సారుకి పోక ఎవరికి పోతది?

ఇంకోటి. మన గురించి బయట రెండు మాటలు నడుస్తయి. ఒకటి: "వీళ్లు గుట్టలెక్కే పిల్లలు, వేరే ఆటలెందుకు?" రెండోది: "వీళ్లకు ఆటలే వస్తయి, చదువు రాదు." ఒకదాని వల్ల బాలు చేతికి రాదు, ఇంకోదాని వల్ల పుస్తకం పోతది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ బంగారం తెచ్చిన జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా, ఆదివాసీ. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిండు, తర్వాత రాజ్యాంగ సభలో మన కోసం మాట్లాడిండు. 2014లో మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది, సర్కారు గురుకులంలో చదువుకుంటనే. సర్కారు గట్టిగ అనుకుంటే ఏం చేయగలదో అది చూపించింది. కానీ శిఖరం మీదికి ఇద్దరిని పంపించుడు వేరు, వెయ్యి మందికి రోజూ ఒక గంట ఆట పెట్టుడు వేరు. రెండోదానికి ఫొటో రాదు.

ఆడపిల్లల సంగతి మన ఇంటి నుంచే మాట్లాడుకోవాలి. మా కోయ ఊళ్లల్లో పండుగొస్తే ఆడోళ్లు చేతులు కలిపి తెల్లారేదాక రేల ఆడుతరు. పెద్దలే డోలు కొడతరు, ఎవరూ సిగ్గనరు. అదే పిల్ల బడి గ్రౌండులో నిక్కరేసుకుని కూత పెడితే "వయసొచ్చింది, ఇగ చాలు" అంటున్నరు. ఈ సిగ్గు మన పండుగల నుంచి వచ్చింది కాదు, హాస్టలు నుంచి, టీవీ నుంచి వచ్చింది. ఇప్పుడు మా పెద్దమ్మ కూడా అదే అంటది.

సికిల్ సెల్ గురించి కూడా చెప్పాలి. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నరు. ఆ జబ్బున్న పిల్లని ఎండలో నీళ్లు లేకుండ పరిగెత్తిస్తే ప్రాణం మీదికొస్తది. కార్డేమో పెట్టెలో ఉంటది, విజిల్ సారు దగ్గర ఉంటది. అట్లని ఆటే మానిపించమని కాదు. ఎవరికి మధ్యలో నీళ్లియ్యాలో, ఎవరిని ముందే కూసోబెట్టాలో సారుకి తెలియాలి.

చెల్లె పేరు ఎస్‌జీఎఫ్ అండర్-17 కబడ్డీ లిస్టులో వచ్చింది. జిల్లా ఆటలకు రెండు రాత్రులు బయట ఉండాలె. తోడుపోవడానికి మేడం లేదని ఆడపిల్లల టీమునే ఆపుతున్నరు, మగపిల్లల టీము పోతున్నది. మా అమ్మ కూలి మానుకుని నేనే తోడుపోత అన్నది. తల్లులు పోవడానికి రూలు లేదన్నరు. ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడగడానికి సోమవారం అమ్మ, నేను బడికి పోతున్నం. మీ దగ్గర ఎవరన్నా ఇట్ల తల్లిని పంపించి ఉంటే, ఆ పర్మిషన్ కాగితం ఫొటో ఆదివారం లోపు పంపండి.