చదవరాని రాయి

కలమల్ల చెన్నకేశవస్వామి గుడిలోని విరిగిన రాతి మీది అక్షరాలు నాకు చదవరావు. క్రీ.శ. 575 ప్రాంతానిదనీ, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిదనీ, మనకు దొరికిన తొలి తెలుగు శాసనమనీ పండితులు చెప్పగా విన్నవాణ్ణే. చదవరానివాడికి ఒక లాభముంది, గీత కనబడుతుంది. ఉలి ఎక్కడ లోతుగా దిగిందో, ఎక్కడ తేలిపోయిందో, పక్క గీతకు ఎంత చోటు వదిలిందో. అర్థం తెలిసుంటే ఇదంతా దాటేసి పోయేవాణ్ణి.

చిత్రప్రదర్శనల్లో నాకు జరిగేది అదే. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులో ఆ సన్నని, మొండి గీత దగ్గర ఆగకుండా కళ్లు పక్కనున్న వివరాల చీటీ మీదికి పోతాయి. పత్రికల సమీక్షలు చాలావరకు ఆ చీటీకి పొడిగింపులే (కొంచెం ఘాటుగానే అంటున్నా). గుంటూరు జిల్లా తుమ్మపూడిలో ఉంటూ కళ గురించి రాసిన సంజీవదేవ్ దారి వేరు. తానూ కుంచె పట్టినవాడాయన. ఆయన వ్యాసం ముగిశాక బొమ్మ అర్థమైపోయిందనిపించదు, ఇంకోసారి చూడాలనిపిస్తుంది. విమర్శ చేయవలసిన పని అంతకు మించి ఏముంది?

ఈసారి ఏ ప్రదర్శనకైనా పోతే, చీటీ చివర్న చదవండి.