రెండో గేరు బస్తీలో ఎన్ని గుర్రాలు కావాలి?

నయాపూల్ మీద మూసీ దాటామంటే కారు రెండో గేరులో పడినట్టే. మదీనా చౌరస్తా వచ్చేసరికి ఒకటో గేరు. ముందు ఆటో, పక్కన పండ్ల బండి, సైడ్ మిర్రర్‌ని రాసుకుంటూ ఓ స్కూటీ. 'హల్లూ చలో భాయ్' అంటూ బానెట్ మీద తట్టి రోడ్డు దాటేసే పెద్దాయన ఒకరు. ఇంట్లో నాన్నగారి స్విఫ్ట్ డిజైర్ ఉంది, చేతిలో మొదటి బోనస్ ఉంది, రీల్స్ చూసి 'పవర్ పెంచేద్దాం బ్రో' అనిపిస్తోందా? అయితే డబ్బు తీసేముందు ఒక ఆదివారం ఆ కారులోనే పాతబస్తీకి రండి. దేనికి ఖర్చు పెట్టాలో ఈ రోడ్లే చెప్పేస్తాయి.

ముందు చిన్న లెక్క. 2017లో వచ్చిన డిజైర్ పెట్రోల్ ఇంజిన్ పవర్ 83 పీఎస్. వినడానికి బాగుంది కదా? కానీ అది 6,000 ఆర్‌పీఎం దగ్గర దొరికే పవర్. పత్తర్‌గట్టిలో మీ మీటరు ముల్లు రెండు వేలు దాటడమే కష్టం. అంటే ఉన్న గుర్రాల్లోనే సగానికి పైగా లాయంలో నిద్రపోతున్నాయి. టర్బో లేని ఇలాంటి ఇంజిన్‌కి ఈసీయూ రీమ్యాప్ చేయించినా, ఖరీదైన సైలెన్సర్ పెట్టించినా కలిసొచ్చేది కొద్ది గుర్రాలే. అవి కూడా ఆ పై ఆర్‌పీఎం దగ్గరే. మీరు ఎప్పుడూ వెళ్లని చోట దొరికే పవర్‌కి వేలు పోయడం ఎందుకు?

ఇక గొట్టం చివర కోన్‌లా కనిపించే ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ సంగతి. కంపెనీ ఫిల్టర్ డబ్బా ముందు గ్రిల్ వైపు నుంచి బయటి గాలిని లాగుతుంది. ఓపెన్ ఫిల్టర్ మాత్రం బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది. వేడి గాలి పల్చన, అందులో ఆక్సిజన్ తక్కువ. మే నెలలో, ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పవర్ పెరగడం అటుంచి ఉన్నది తగ్గొచ్చు. పెరిగేది చప్పుడు ఒక్కటే.

చౌమహల్లాలో ఒక పాఠం

చార్మినార్ చుట్టూ కార్లకు దారి లేదు కాబట్టి ఖిల్వత్ వైపు తిరగండి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పాత కార్లున్నాయి. వాటిలో అందరూ ఫోన్ తీసేది పసుపు రంగు రోల్స్ రాయిస్ దగ్గరే. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డర్ ఇచ్చారు. 1911లోనే ఆయన కన్నుమూశారు, కారు తర్వాత వచ్చింది. లోపల సీటు సింహాసనంలా ఉంటుంది. ఇంజిన్ ఏడు లీటర్లకు పైనే. మన డిజైర్‌ది 1.2 లీటర్లు! అంత పెద్ద ఇంజిన్ ఉన్న ఆ మోడల్‌కి 'ఘోస్ట్' అనే పేరు తెచ్చింది వేగం కాదు, దెయ్యంలా చప్పుడు చేయకుండా పోయే నడక.

మన కారుకీ అదే సూత్రం. కొత్త స్పార్క్ ప్లగ్‌లు, శుభ్రమైన ఫిల్టర్, మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్, అరిగిన ఇంజిన్ మౌంట్‌లు మార్పించడం. వీటికి రీల్స్‌లో లైకులు రావు. కానీ ఒకటో గేరులో కుదుపు తగ్గుతుంది, వెనక కూర్చున్న అమ్మమ్మకి నడుం నొప్పి తప్పుతుంది.

బహదూర్‌పురా బ్రేక్

హుస్సేనీఆలం, దూద్‌బౌలి మీదుగా బహదూర్‌పురా వస్తే సుధా కార్స్ మ్యూజియం. బర్గర్, బూటు, కెమెరా, క్రికెట్ బ్యాట్... కన్యబోయిన సుధాకర్ గారు ఏ ఆకారం చూసినా కారు చేసేశారు. 2005లో అతి పెద్ద ట్రైసైకిల్‌తో గిన్నిస్ రికార్డు కొట్టారు. కారుని ఇష్టమొచ్చినట్టు మార్చే సరదా అంతా ఇక్కడ తీర్చుకోవచ్చు.

రోడ్డు మీద మాత్రం కుదరదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అనుమతి లేకుండా మార్పిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. దీనికి తోడు వారంటీ, ఇన్సూరెన్స్ దగ్గర కూడా పేచీ రావొచ్చు.

ఫ్లైఓవర్ ఎక్కితే

జూపార్క్ దగ్గర సీన్ మారిపోతుంది. 2025 జనవరిలో మొదలైన ఆరాంఘర్ ఫ్లైఓవర్ దాదాపు నాలుగు కిలోమీటర్లు, ఆరు లేన్లు. ఇంతసేపూ పాకిన కారుకి రెక్కలొచ్చినట్టుంటుంది. సరిగ్గా ఇక్కడే అసలు అప్‌గ్రేడ్ ఏంటో తెలుస్తుంది.

వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. పొడి రోడ్డు మీద 40లో సుమారు 9 మీటర్లలో ఆగే కారు, 80లో 36 మీటర్ల దాకా పోతుంది. మీ కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపు దొర్లే దూరం దీనికి అదనం. ఇంట్లో ఐదుగురినీ ఆ దూరంలో ఆపాల్సింది నాలుగు అరచేతులంత రబ్బరు. అందుకే బోనస్‌లో మొదటి వాటా టైర్లకే.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టం ప్రకారం మార్చాల్సిందే, వానాకాలానికి అంతకంటే ముందే మార్చడం మేలు. ఆ డిజైర్ కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు, పై వేరియంట్‌కు 185/65 ఆర్15. రెండింటి మొత్తం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే! 15 అంగుళాల రిమ్‌తో పాటు ఇది వేయిస్తే స్పీడోమీటర్ తప్పదు, వెడల్పు వల్ల పట్టు పెరుగుతుంది. అంతకు మించి పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు వేస్తే పాతబస్తీ గుంతలకు రిమ్ వంగిపోతుంది. కారుని కిందికి దించితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే పొట్ట గీసుకుంటుంది.

తర్వాత బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. ఆ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పాతబడితే శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలి. ఆ తర్వాత షాక్ అబ్జార్బర్లు, అలైన్‌మెంట్. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే మంచి హారన్ కొనకండి, పాతబస్తీలో దాని మాట ఎవరూ వినరు. షాదాబ్‌లో ఇంటిల్లిపాదికీ బిర్యానీ పెట్టించండి.