రాలిన చుక్క జాడ

నలువది యేండ్ల క్రిందటి మాట. నేనప్పుడొక పల్లెటూరి పాఠశాలలో క్రొత్తగా తెలుగు చెప్పుచుంటిని. మాఘమాసపు రాత్రి భోజనము ముగించి వీధి యరుగుపై కూర్చుండి యుండగా ఆకాశము ఒక్కసారిగా తెల్లబాఱెను. తల యెత్తి చూచునంతలో నిప్పుముద్ద యొకటి ఈశాన్యమునుండి నైరుతికి జాఱి, రెండు తునుకలై, చెఱువుగట్టు మీది చింతల వెనుక మాయమయ్యెను. అంతయు నాలుగైదు సెకనుల పని.

“మన చెరువు వెనకాలే పడింది మాష్టారూ!” అని వీధివారందఱు కేకలు వేసిరి.

మఱునాడు ఆదివారము. పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరితిని. చెఱువు దాటినంతనే ఒక వృద్ధుడు, “ఇక్కడ కాదు బాబూ, పొరుగూరి దిబ్బ అవతల” అనెను. పొరుగూరివారు కొండను చూపిరి. కొండ యవతలివారు ఇంకను ముందుకు చూపిరి. ఊరు మాఱినకొలది మా నిప్పుముద్దయు ముందుకు సాగుచునే యుండెను. తుదకు ప్రొద్దు వ్రాలువేళ ఒక బీటిలో నల్లని బరువైన రాయి దొరకెను. అయస్కాంతము దానికి అంటుకొనెను. ఇక సందేహమేమి! దానిని పాఠశాల గాజు బీరువాలో నుంచి, “ఉల్కాశిల” అని గుండ్రని యక్షరములతో వ్రాసి అంటించితిని.

పదునొకండేండ్లు ఆ రాతిని చూపుచు పాఠము చెప్పితిని. ఒకనాడు విజ్ఞాన ప్రదర్శనమునకు వచ్చిన భూగర్భశాస్త్ర ఉపన్యాసకుడు దానిని చేతిలోనికి తీసికొని, “కొంచెం కొట్టి చూడమంటారా?” అని యడిగెను. పెచ్చు ఊడెను. లోపల అంతయు బుడగల తొఱ్ఱలే. “ఇది పాత కొలిమి చిట్టెమండీ. ఉల్కారాళ్లలో సాధారణంగా ఇలాంటి బుడగలుండవు” అని ఆయన మెల్లగా చెప్పెను. మెల్లగా చెప్పినను ముందు వరుస పిల్లలు వినిరి. మఱునాడు తరగతిలో నా పొరపాటు నేనే చెప్పుకొంటిని. కాని అంతకు ముందే చదివి వెళ్లిపోయిన పిల్లలకు ఎవరు చెప్పగలరు?

అంతమంది కన్నులార చూచియు ఏల మోసపోయితిమి? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వదలలేదు. అగ్నిగోళము వెలుగుట నేలకు సుమారు 100 కిలోమీటర్ల యెత్తున ఆరంభమగును. పెద్దదైనను 20, 30 కిలోమీటర్ల యెత్తుననే చాలవఱకు ఆఱిపోవును. రెండు వందల కిలోమీటర్ల దూరమున ఆఱిన వెలుగు మనకు చెట్ల వెనుక పడినట్లే తోచును. ఒక్కచోటనుండి చూచువానికి దిక్కు తెలియునే గాని దూరము తెలియదు. ఒక కన్ను మూసికొని సూదిలో దారము ఎక్కింపబోయినవారికి ఈ చిక్కు తెలిసియే యుండును.

ఈ చిక్కును విప్పినది కెమెరా. చెకొస్లొవేకియాలో ఒండ్రెయోవ్ వేధశాలకు చెందిన జ్డెనెక్ త్సెప్లెఖా అను శాస్త్రజ్ఞుడు, ఒకే ఉల్కను రెండు చోట్ల నుండి ఫొటో తీయు పనిని 1951 నుండి నడపుచుండెను. రెండు చిత్రములలో చుక్కల నడుమ ఆ గీత యెచ్చటెచ్చట నున్నదో కొలిచినచో దాని యెత్తును, దూరమును తేలును. మఱి వేగమో? కెమెరా ముందు రెక్కలు గల మూత యొకటి గిరగిర తిరుగుచుండును. అది సెకనుకు ఇన్నిమాఱులని వెలుగును అడ్డగించుటచే గీత తునుకలు తునుకలుగా పడును. తునుక పొడవే వేగమునకు కొలత. ఇంత చిన్న యుపాయము! 1959 ఏప్రిల్ 7వ తేదీన గొప్ప అగ్నిగోళమొకటి ఈ కెమెరాల కంట బడెను. లెక్కచూపిన తావున, ప్రీబ్రమ్ పట్టణ ప్రాంతమున, నాలుగు రాళ్లు దొరకినవి. అవి కుజ గురు గ్రహముల నడుమ నున్న లఘుగ్రహముల మేఖలనుండి వచ్చినవని తేలెను. ఒక ఉల్కాశిల సూర్యుని చుట్టు తిరిగిన త్రోవను ఫొటోల వలన కనుగొనుట అదియే మొదలు.

అటుపిమ్మట అమెరికాలో మైదాన రాష్ట్రములందు 16 కేంద్రములు నెలకొల్పి 1964 నుండి 1975 వఱకు ఆకాశమును కాచిరి. అన్నేండ్ల కాపలాకు ఫలితముగా దొరకిన పతనమొక్కటే! 1970 జనవరి 3న ఓక్లహోమా రాష్ట్రమున లాస్ట్ సిటీ దగ్గఱ అది పడెను. ఆఱవనాడు కేంద్రముల నిర్వాహకుడు కారులో పోవుచు మంచు కప్పిన బాటపైననే దానిని చూచెనట. అంత సులువుగా దొరకుట అరుదు. వెలుగు ఆఱిన పిదప రాయి చీకటిలో కొన్ని నిమిషములు పడుచుండును. గాలి దానిని ఎటో నెట్టును. ఆనాటి పైగాలుల లెక్క తప్పినచో వెదకువాడు వేఱొక పొలమున తిరుగుచుండును.

ఇంకొక వింత. 2002 ఏప్రిల్ 6న జర్మనీలో నాయిష్వాన్‌స్టయిన్ కోట సమీపమున పడిన శిల ప్రీబ్రమ్ రాళ్లు వచ్చిన త్రోవనే ఇంచుమించుగా వచ్చినది. తోడబుట్టినవేమో యని చూడగా రెండును వేఱువేఱు జాతి రాళ్లు! త్రోవ యొక్కటైనంత మాత్రమున చుట్టఱికము కలుపరాదు గదా.

నా మనస్సున నిలిచినది మాత్రము ఆస్ట్రేలియా కథ. 2015 నవంబరు 27న అచ్చటి యెడారి కెమెరాలు ఒక అగ్నిగోళమును పట్టెను. లెక్క చూపిన చోటు కాటి తండ అను ఉప్పు సరస్సు. పైకి ఎండిన పెచ్చు, లోన బురద. ఒక్క పెద్దవాన కురిసిన జాడ చెఱిగిపోవును. ఆ వాన దాపునకు వచ్చుచుండెను. ఫిల్ బ్లాండ్ అను ఆచార్యుడు తన బృందముతో, ఆ నేలను ఎఱిగిన అరబన జాతివారి తోడ్పాటుతో వెదకెను. డిసెంబరు 31న బురదలో చేతులతో త్రవ్వగా 42 సెంటీమీటర్ల లోతున 1.68 కిలోల రాయి చేతికి తగిలెను. దాని వయస్సు 450 కోట్ల సంవత్సరములకు పైమాట. పిమ్మట కొద్ది గంటలకే వాన దిగెను.

మా యూరి నిప్పుముద్దకు అట్టి ఫొటో యొక్కటియు లేదు. నేను దాని కొఱకు చెఱువు వెనుక మొదలుపెట్టితిని. అది యే జిల్లాలో, ఎవరి దుక్కిలో నున్నదో.